వంతు పళ్ళెం

పిల్లలు రెండుసార్లు లేచి నిలబడ్డారు.

మొదటిసారి తూదా గదిలోకి అడుగుపెట్టినప్పుడు. అది ఏ బడిలోనైనా ఉన్నదే. కూర్చోమంటే తొమ్మిదో తరగతి పంతొమ్మిది మందీ కూర్చున్నారు. ఆమె పుస్తకాలు బల్లమీద పెట్టి సుద్దముక్క వెతుక్కుంటూ ఉండగా బెంచీలు మళ్ళీ కిర్రుమన్నాయి. తలెత్తి చూస్తే అందరూ లేచి ఉన్నారు. ఈసారి ఆమెను చూడటం లేదు, తలుపును చూస్తున్నారు. తలుపు దగ్గర ఎవరూ లేరు. సెప్టెంబరు ఎండలో అక్రోటు చెట్ల నీడలు గడప దాకా వచ్చి ఆగి ఉన్నాయి. పిల్లల చూపులు తలుపు దగ్గర్నుంచి మెల్లగా కదిలి, బెంచీల మధ్య దారి వెంట నడిచి, గది చివర కిటికీ పక్కనున్న ఖాళీ బెంచీ దగ్గర ఆగాయి. అప్పుడు, ఎవరూ చెప్పకుండానే కూర్చున్నారు.

కొత్త టీచర్ని ఆటపట్టిస్తున్నారనుకుంది తూదా. తను చదువుకునే రోజుల్లో తన తరగతి వాళ్ళు కొత్త మాస్టారి సొరుగులో కప్పను పెట్టారు. దానితో పోలిస్తే ఇది మర్యాదైన అల్లరే. నవ్వి ఊరుకుంది.

మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. నాలుగో రోజుకి నవ్వు రాలేదు.

తూదా ఊరు ఇవే అట్లాస్ కొండల్లో ఇంకో మడతలో ఉంది. తండ్రి ఊరివాళ్ళ మందలు కాస్తాడు, తల్లి మగ్గం మీద కంబళ్ళు నేస్తుంది. ఇద్దరికీ సంతకమంటే బొటనవేలే. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా మొహం చూసిన మొదటి మనిషి తూదా. అదీ స్కాలర్‌షిప్ పుణ్యమే. కొండ బడులకి లెక్కలూ సైన్సూ చెప్పేవాళ్ళు దొరకడం లేదని పెట్టిన స్కాలర్‌షిప్ అది. రెండేళ్ళు హాస్టలు, పుస్తకాలు, చేతిఖర్చు ఇచ్చి టీచరుగా తయారుచేస్తారు. బదులుగా ఎక్కడికి పంపితే అక్కడ నాలుగేళ్ళు పాఠం చెప్పాలి. మొదటి ఏడాది పరీక్ష కింద లెక్క. అదే బడిలో లెక్కలు చెప్పే పాత టీచరు ఒకరు మార్గదర్శిగా ఉండి, ఆమె పాఠం విని, లెసన్ ప్లాన్ పుస్తకం మార్జిన్లో రోజూ ఒక మాట రాసి సంతకం పెట్టాలి. వసంతంలో ఇన్‌స్పెక్టరు వస్తాడు. పాఠం వింటాడు, పుస్తకం చూస్తాడు. రెండూ బాగుంటే ఉద్యోగం ఖాయం. ఏది బాగోలేకపోయినా ఆ ఏడాది రద్దు. మళ్ళీ అవకాశం ఇవ్వడమా, ఇంటికి పొమ్మనడమా అన్నది వాళ్ళ దయ.

తూదాకి ఇచ్చిన ఉత్తర్వులో ఊరు తిజ్గి అని ఉంది. మార్గదర్శి: ఉస్తాద్ ఇదీర్ అమజాన్, గణితం.

వచ్చిన మొదటి రోజే ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ గదికి వెళ్ళింది. అక్కడ అరబ్బీ చెప్పే ఉస్తాద్ జిలాలీ ఒక్కడే పుదీనా టీ తాగుతూ ఉన్నాడు. మైదానం నుంచి వచ్చినవాడు. బదిలీకి ఎన్నాళ్ళుందో గోడమీద గీతలు గీసుకుంటూ ఉంటాడు. ఉస్తాద్ ఇదీర్ ఎక్కడ కూర్చుంటారని అడిగింది.

జిలాలీ గ్లాసు కింద పెట్టాడు. "కూర్చోరమ్మా. పడుకున్నారు. రెండు చలికాలాలైంది."

తరవాత మిగతా కథ చెప్పాడు. ఇదీర్ కూడా ఇదే స్కాలర్‌షిప్ మీద వచ్చినవాడు. నాలుగో ఏడు, ఇంకో మూడు నెలలైతే బాకీ సేవ తీరిపోతుంది. ఫిబ్రవరిలో, తొమ్మిదో తరగతి పిల్లల హాస్టలు దరఖాస్తులు గడువులోగా అందాలని వాటిని కంచరగాడిద మీద వేసుకుని కనుమ దాటబోయాడు. మంచు కురిసింది. గాడిద ఒక్కటే తిరిగొచ్చింది. ఏప్రిల్లో మంచు కరిగాక కనుమకి అవతలి వైపు కనబడ్డాడు. ఆ పక్క ఆయన సొంత ఊరు. వాళ్ళే వచ్చి తీసుకెళ్ళి మట్టి చేశారు. తిజ్గి వాళ్ళు ఆ మొహం మళ్ళీ చూడలేదు.

బడి వెనక మిట్ట మీద ఒక్క రాతి దగ్గరే ఫోను పలుకుతుంది. తూదా ఆ రాయి ఎక్కి కింద పట్నంలోని ఆఫీసుకి ఫోను చేసింది. గుమాస్తా రిజిస్టరు తిరగేసి, ఆ పేరు ఉందనీ, పనిలో ఉన్నట్టే ఉందనీ చెప్పాడు. ఆయన చనిపోయాడని తూదా చెప్పింది.

"చనిపోయినట్టు మీ దగ్గర కాగితం ఉందా మేడమ్?"

"లేదు."

"మా దగ్గరా లేదు. కాగితం లేనిదే మనిషిని కొట్టెయ్యలేం. ఆయన చేతే సంతకాలు పెట్టించుకోండి."

జిలాలీ అది విని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వయ్యాక పెద్దన్నలా సలహా చెప్పాడు. ఆ కాగితమేదో నువ్వే తెచ్చిచ్చావనుకో, మార్గదర్శి లేడని రాస్తారు. చుట్టుపక్కల రెండు రోజుల నడకలో ఇంకో లెక్కల మాస్టారు లేడు. నీ ఏడాది నీళ్ళపాలు. నోరు మూసుకుని ఆ సంతకమేదో నువ్వే గిలికెయ్, అందరూ చేసేదే. తూదా ఆ మాట ఒంటబట్టించుకునే రకం కాదు. రోజూ సాయంత్రం పాఠం రాసుకుంది, మార్జిన్ ఖాళీగా వదిలేసింది, నియమం ప్రకారం పుస్తకాన్ని తరగతి గది బీరువాలో పెట్టి ఇంటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు ఉన్నమాట చెబుదామనుకుంది.

ఇల్లంటే లల్లా ఇజ్జా ఇల్లు. లల్లా ఇజ్జా, అంటే ఇజ్జమ్మగారు, ఊరిపెద్ద మీమూన్ భార్య. డెబ్బై ఏళ్ళున్నా పొయ్యి దగ్గర ఆమె చెయ్యి ఆగదు. బడి వెనకే టీచరు కోసం కట్టిన గది ఉంది కదా, అందులో ఉంటానని తూదా మొదట్లో అడిగితే, అది ఖాళీ లేదంది. అంతకుమించి చెప్పలేదు.

ఆ గదికి రోజూ మధ్యాహ్నం ఒక పళ్ళెం వెళ్ళేది. ఒక రోజు ఒక ఇంటావిడ, మరో రోజు మరో ఇంటావిడ, గుడ్డ కప్పిన పళ్ళెం తెచ్చి గడప మీద పెట్టి, వెనక్కి చూడకుండా పోయేది. బార్లీ రొట్టె, గిన్నెలో నూనె, ఒక్కోసారి ఉడికిన కూర. శుక్రవారం గోధుమరవ్వతో వండిన కుస్కుసు. బడి వదిలే వేళకి అదే మనిషి వచ్చి ఖాళీ పళ్ళెం తీసుకుపోయేది. పిల్లులు తింటాయి అన్నాడు జిలాలీ. తిజ్గిలో కుక్కలున్నాయి, మేకలున్నాయి. పిల్లిని తూదా ఇంతవరకూ చూడలేదు.

ఇంకో సంగతి ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. రెండేళ్ళుగా లెక్కల టీచరు లేని పిల్లలు కదా, మొదట్నుంచీ మొదలుపెట్టాలనుకుని చిన్న పరీక్ష పెట్టింది. పంతొమ్మిది మందీ పాఠ్యపుస్తకంలో ఎక్కడుండాలో సరిగ్గా అక్కడున్నారు. భిన్నాలు, త్రిభుజాలు, సమీకరణాలు. అందరూ భాగహారాన్ని ఒకే తీరులో వేశారు, కుడి పక్కన చిన్న నిలువు గీత గీసి. ఆ గీత ఏ పుస్తకంలోనూ లేదు. నుంజా అనే పిల్లని ఆపి ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగింది. నుంజాకి పధ్నాలుగేళ్ళు. మాట నెమ్మది, లెక్క చురుకు.

"ఉస్తాద్ ఇదీర్ లెక్కల గంటకి వచ్చి కూర్చుంటాం, ఉస్తాదా," అంది నుంజా. "కూర్చుంటే వచ్చేస్తుంది."

"ఎవరూ లేకుండానా?"

నుంజా ఆమె వైపు జాలిగా చూసింది. పెద్దవాళ్ళకి కొన్ని కనబడవు పాపం అన్నట్టు.

నవంబరులో మొదటి మంచు పడింది. ఆ రోజు తూదా బోర్డు మీద తప్పు చేసింది. x² = 5x అని రాసి, రెండు వైపులా x తో భాగించి, జవాబు 5 అని కింద గీత కొట్టింది. గీత కొడుతుండగానే గదిలో ఏదో మారింది. తిరిగి చూసింది. పిల్లలందరూ తలలు వెనక్కి తిప్పి కిటికీ పక్క బెంచీని చూస్తున్నారు. వెక్కిరింపు కాదు అది. ఇంట్లో ఎవరైనా పొరపాటు మాట అంటే పిల్లలు పెద్దాయన మొహం చూస్తారే, ఆ చూపు. బయట మంచు పడుతూనే ఉంది. ఆ కిటికీ అద్దానికి మాత్రం లోపలి వైపు ఆవిరి పట్టింది, అక్కడ ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

మర్నాడు పొద్దున బీరువా తెరిచి పుస్తకం తీసింది. మార్జిన్లో ఆకుపచ్చ సిరాతో సన్నని రాత.

'సున్నాను పోగొట్టావు. x సున్నా కావచ్చు, సున్నాతో భాగించకూడదు. సున్నా కూడా జవాబే. లేనిదాన్ని లెక్కలోంచి కొట్టెయ్యకు.'

కింద సంతకం. ఇ. అమజాన్.

కాగితం అంచు తడిగా ఉంది. తడిసిన ఉన్ని వాసన వేసింది. తూదా పుస్తకం పట్టుకుని నేరుగా జిలాలీ దగ్గరికి వెళ్ళింది. ఇది నీ పనేగా, వేళాకోళానికైనా హద్దుండాలి అని గట్టిగానే అంది. జిలాలీ నవ్వబోతూ పుస్తకం అందుకున్నాడు. చదివాక నవ్వలేదు. ఆయన రాతే ఇది అన్నాడు, మూడేళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నాం, నాకు తెలియదా అన్నాడు. పుస్తకాన్ని మూసి రెండు వేళ్ళతో ఆమె వైపు జరిపాడు. ఆ రోజు నుంచి తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్ళడం మానేసి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి అరబ్బీ చెప్పాడు, మంచులో కూడా.

తూదాకి మానే వీలు లేదు. తరగతికి వెళ్ళి ఆ పాఠం మళ్ళీ చెప్పింది, ఈసారి సున్నాతో సహా. పిల్లలు వెనక్కి చూడలేదు. మర్నాటి మార్జిన్లో 'బాగుంది' అని ఉంది.

అలా రోజూ. 'మూడో బెంచీ పిల్లకి బోర్డు ఆనదు. పెద్దగా రాయి.' 'ప్రశ్న అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టు. నువ్వు మూడుకే జవాబు చెప్పేస్తున్నావు.' తూదా లెక్కపెట్టింది. నాలుగు, ఐదు, ఆరు. ఆ నిశ్శబ్దం భయంకరంగా ఉండేది. ఏడు దగ్గర ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల చెయ్యెత్తింది. శిక్షణ కాలేజీలో రెండేళ్ళలో ఎవరూ చెప్పని సంగతులు ఆ మార్జిన్లో దొరికాయి. ఆమెకు ఇంతకన్నా మంచి గురువు లేడు. రోజూ పొద్దున బీరువా తెరిచేముందు మాత్రం ఒకసారి తిరిగి కిటికీ పక్క బెంచీని చూసుకునేది. భయమూ కృతజ్ఞతా ఒకే గిన్నెలో కలిపి తాగుతున్నట్టుండేది.

జనవరి నుంచి రాత మారింది. అక్షరాలు వణికాయి. గీతలు పక్కకి జారాయి. తడి మార్జిన్ దాటి ఆమె రాసుకున్న పాఠంలోకి పాకింది. ఫిబ్రవరి రెండో వారంలో ఒక పొద్దున పాఠం గురించి ఒక్క ముక్కా లేదు. 'ఇంకా ఎన్నాళ్ళు?' అని మాత్రం ఉంది. కింద సంతకం, అలవాటు తప్పకుండా.

ఆ మధ్యాహ్నం బడి వదలగానే తూదా పుస్తకం తెచ్చి, రొట్టెలు కాలుస్తున్న లల్లా ఇజ్జా ఎదుట తెరిచింది. ముసలావిడకి చదువు రాదు. ఆకుపచ్చ సిరా చూసింది, తడి అంచు మీద వేలు పెట్టి చూసింది, వేలిని కొంగుకి తుడుచుకుంది. అప్పుడు చెప్పింది.

మసీదులో పిల్లలకి చదువు చెప్పే పెద్దని ఊరు షరతు మీద పెట్టుకుంటుంది. వంతులవారీగా ఇంటికో రోజు పళ్ళెం పంపుతుంది. గడువు నిండాక ఊరంతా ఆయన ఎదుట నిలబడి విడుపుమాట చెబుతుంది. అది వింటేనే ఆయన కదులుతాడు. సర్కారు టీచర్లకి ఈ షరతు లేదు. వాళ్ళు వస్తారు, మంచు చూస్తారు, పోతారు. ఇదీర్‌కి ముందు మూడు చలికాలాల్లో ముగ్గురు లెక్కల మాస్టార్లు పోయారు. నాలుగోవాడిగా ఇదీర్ వచ్చినప్పుడు ఊరు నమ్మలేదు. అప్పుడు ఆయనే, మా తాత కూడా షరతు మీద చదువు చెప్పినవాడే, నాకూ వంతు పళ్ళెం పెట్టండి, మీరు విడిచేదాకా కదలను అన్నాడు. మసీదు ముందు మాట ఇచ్చాడు.

కనుమలో పోయాక విడుపుమాట ఎవరికి చెప్పాలి? మొహం చూసి చెప్పాల్సిన మాట అది. మొహం లేదు, సమాధి అవతలి ఊళ్ళో ఉంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగా, ఆ మరుసటి రోజు వంతు వచ్చిన ఇంటావిడ, ఆపమని ఎవరూ చెప్పలేదు కనుక, పళ్ళెం తీసుకెళ్ళి పెట్టింది. సాయంత్రం వెళ్తే పళ్ళెం ఖాళీగా ఉంది. ఆ తరవాత వంతు తప్పించిన ఇల్లు తనదే కావాలని ఎవరనుకుంటారు? నలభై ఒక్క ఇళ్ళు, నలభై ఒక్క రోజులు, మళ్ళీ మొదటి ఇల్లు. పిల్లలకి చదువూ వస్తోంది. కాదని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. తనకీ రాలేదని ఒప్పుకుంది లల్లా ఇజ్జా.

"ఇప్పుడైనా చెప్పెయ్యండి లల్లా. అలిసిపోయారు ఆయన."

"చెబుదామనే అనుకున్నాం తల్లీ, పోయిన పంట కోతలప్పుడు. నువ్వొచ్చావు. సర్కారు ముద్ర వేసిన కాగితం తెచ్చావు. ఇదీర్ పనిలో ఉన్నాడని అందులో రాసుందని మా ముసలాయనకి నువ్వే చదివి వినిపించావు. పనిలో ఉన్నవాణ్ణి ఊరెట్లా విడుస్తుంది?"

తూదా పుస్తకం మూసింది. ఆఫీసుకి ఊరి నుంచి కాగితం కావాలి. ఊరికి ఆఫీసు కాగితంలో పేరు కొట్టేసి ఉండాలి. మధ్యలో తన ఏడాది ఉంది. పేరు కొట్టిస్తే మార్గదర్శి లేని ఏడాది కనుక అది రద్దు. కొట్టించకపోతే ఆ ఆకుపచ్చ సిరా వచ్చే ఏడూ వస్తుంది, ఆ వచ్చే ఏడూ. ఇంట్లో తల్లి, మా అమ్మాయి పంతులమ్మ అయిందని ఇప్పటికే సంతలో అందరికీ చెప్పేసింది.

ఏప్రిల్లో దారి తెరుచుకోగానే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరు బెన్నాసర్, గౌరవంగా అందరూ సీ బెన్నాసర్ అంటారు. అరవైకి దగ్గర మనిషి, బక్కపలచన, ఆయాసంగా మాట్లాడతాడు. కొండ మనిషే, కనుమకి అవతల ఇదీర్ వాళ్ళ వైపువాడు. గదిలోకి రాగానే పిల్లలు లేచారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు. ఆయన అది చూసి చూడనట్టు వెనక్కి నడిచాడు. పాఠం వినే ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చుంటాడు. ఆయన కిటికీ పక్క బెంచీలో కూర్చున్నాడు.

పంతొమ్మిది మందీ ఊపిరి బిగబట్టారు. నుంజా రెండు చేతులతో నోరు మూసుకుంది.

తూదా పాఠం మొదలుపెట్టింది. ఆ రోజు పాఠం కావాలనే అదే ఎంచుకుంది. x² = 5x అని రాసి, భాగించి, 5 అని గీత కొట్టి, నేనిక్కడ ఒకదాన్ని పోగొట్టాను, ఏమిటది అని అడిగింది. లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పిల్లలు ఈసారి వెనక్కి చూడలేదు. బోర్డునే చూస్తున్నారు. ఎనిమిది దగ్గర మూడో బెంచీ పిల్ల లేచి సున్నా అంది. ఎందుకు భాగించకూడదో కూడా చెప్పింది, తడబడుతూ, తన మాటల్లో. తూదా తలెత్తి చూసింది. రాసుకుంటున్న సీ బెన్నాసర్ తల ఎత్తకుండానే మెల్లగా బెంచీ ఒక చివరికి జరుగుతున్నాడు, పక్కన ఎవరో కూర్చోవడానికి వస్తే చోటిచ్చినట్టు. చోటిచ్చి, భుజం ముడుచుకుని, మళ్ళీ రాసుకున్నాడు.

పిల్లలు వెళ్ళాక ఆయన లెసన్ ప్లాన్ పుస్తకం అడిగాడు. నవంబరు దగ్గర ఆగాడు. తరవాత పేజీలు గబగబా తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. జిలాలీ అప్పటికే ఆమెకు చెప్పిపెట్టాడు, నేనే రాసుకున్నానని చెప్పెయ్, చెవి మెలేసి వదిలేస్తారని.

"ఇది ఎవరు రాశారు?" అన్నాడు సీ బెన్నాసర్.

"నేను రాయలేదండీ. ఇక్కడ ఇంకెవరూ రాయలేదు." తూదా కింద ఉన్న సంతకం చూపించింది. "ఆయన పుస్తకాలు చూసిన ఇన్‌స్పెక్టరూ మీరే, ఆ రాత మీకు తెలుసనుకుంటాను."

ఆయన వేలితో ఆ సంతకం తడిమాడు. తరవాత, ఆ అబ్బాయి పాడె ఒక కొమ్ము నేనే మోశాను అన్నాడు. మోసి పట్నం పోయి, రిజిస్టరులో రాయించాల్సింది ఊరివాళ్ళు కదా అనుకున్నాను, ఊరివాళ్ళు నేను రాయిస్తాననుకున్నారు కాబోలు అన్నాడు. అప్పుడు తూదా పళ్ళెం సంగతీ విడుపుమాట సంగతీ చెప్పింది. ఆయనకి వివరించనక్కర్లేకపోయింది. ఆయన తండ్రి కూడా షరతు మీద చదువు చెప్పినవాడే.

"చూడమ్మాయ్," అన్నాడు చివరికి. "నీ పాఠానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఈ సంతకాలు ఇలా ఉండగా నీ ఫైలు కూడా చెల్లిపోతుంది. నేను కిందికి వెళ్ళి ఆయన చనిపోయాడని రాశానంటే మాత్రం ఈ ఏడాది నీకు లేదు. మళ్ళీ మొదట్నుంచి. అదీ ఇస్తారో లేదో. ఏది రాయమంటావు?"

ఎండలో నీళ్ళు కారుతున్న చప్పుడు, చూరు మీది మంచు కరుగుతోంది. తూదా తల్లిని తలచుకుంది. సంతలో ఆవిడ మొహం తలచుకుంది. ఆయన పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు. తనకి తెలియకుండానే ఆమె లోపల లెక్కపెడుతోంది. ఏడు, ఎనిమిది.

"చనిపోయారని రాయండి," అంది.

ఆయన రాశాడు. ఆ కాగితానికి నకలు తీసి ఊరిపెద్ద మీమూన్ చేతికిచ్చాడు. ఆ మధ్యాహ్నమే ఊరంతా బడి వెనక నిలబడింది, ఆడా మగా పిల్లలూ. మీమూన్ టీచరు గది తలుపుకి ఎదురుగా నిలబడి, నువ్వు మాకు చదువు చెప్పావు, మేము నీకు పెట్టాం, మా వైపు నుంచి నీకు విడుపు, నీ వైపు నుంచి మాకు విడుపు ఇయ్యి నాయనా అన్నాడు. దానికి అవతలి మనిషి, ఇచ్చాను అనాలి. అది ఆనవాయితీ. అందరూ ఎదురుచూశారు. ఎండ కదిలింది. ఎవరూ దగ్గలేదు కూడా. ఏ చప్పుడూ రాలేదు. ఆఖరికి ఒకరొకరే ఇళ్ళకి పోయారు, వెనక్కి వెనక్కి చూసుకుంటూ.

జవాబు రాలేదు కనుక మర్నాటి వంతు ఇల్లు మర్నాడూ పళ్ళెం పెట్టింది. సాయంత్రం ఆ ఇంటావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. గుడ్డ పెట్టింది పెట్టినట్టే ఉంది. రొట్టె చెక్కుచెదరలేదు. దాని మీద ఒక ఈగ వాలి ఉంది. రెండేళ్ళలో ఆ పళ్ళెం మీద ఈగ వాలడం అదే మొదటిసారి అని అందరూ అనుకున్నారు.

తూదా బీరువా తెరిచింది. మార్జిన్ ఖాళీగా ఉంది. కాగితం పొడిగా ఉంది. ఆమె అక్కడే నిలబడి ఏడ్చింది, భయం పోయినందుకో గురువు పోయినందుకో ఆమెకే తెలియదు.

జూలైలో ఉత్తరం వచ్చింది. ఏడాది రద్దు. ఇన్‌స్పెక్టరు సిఫారసు మీద అదే బడిలో మళ్ళీ మొదటి ఏడాదికి అనుమతి. మార్గదర్శిగా సీ బెన్నాసర్ నెలకోసారి కొండ ఎక్కుతాడు. జిలాలీ తన గోడ గీతలు తుడిచేసి బదిలీ మీద పోతూ, నీ ముందు నేను మంచులో వరండాలో పాఠం చెప్పిన పిరికివాణ్ణి తల్లీ అని నవ్వి దండం పెట్టాడు.

సెప్టెంబరులో తూదా గదిలోకి వెళ్ళింది. పిల్లలు లేచారు, కూర్చున్నారు. ఆమె సుద్దముక్క పట్టుకుని ఆగింది. ఎవరూ మళ్ళీ లేవలేదు. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడటానికి ఆమెకే కొంచెంసేపు పట్టింది.

మధ్యాహ్నం బడి గడప మీద లల్లా ఇజ్జా నిలబడి ఉంది, చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెంతో. మొదటి వంతు ఊరిపెద్ద ఇంటిదే. తినమని చెప్పలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది. ముక్క తుంచితే షరతు ఒప్పుకున్నట్టే అని ఇద్దరికీ తెలుసు.

తూదా చేతులు కడుక్కుని వచ్చింది. రొట్టె వేడిగా ఉంది.

"నాలుగేళ్ళు," అంది. "నాలుగేళ్ళు నిండిన రోజున నేను మీ కళ్ళకి కనబడినా కనబడకపోయినా విడుపుమాట చెప్పెయ్యాలి. ఎవరి కాగితం కోసమూ చూడొద్దు. మొహం కోసం కూడా చూడొద్దు."

లల్లా ఇజ్జా పళ్ళెం మీది గుడ్డ తీసింది.

"చెబుతాం తల్లీ," అంది. "చెప్పేవాళ్ళం అప్పటికి ఉంటే."

తూదా ఆమె భుజం మీదుగా ఊరి వైపు చూసింది. వేసవిలో మూడు ఇళ్ళు తాళాలు వేసుకుని పట్నం దిగిపోయాయి. పొగ లేస్తున్న కప్పుల్ని ఒకటీ ఒకటీ లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిది. పోయినేడు నలభై ఒకటి. ఏడాదికి మూడు చొప్పున అయినా నాలుగేళ్ళకి చాలామందే ఉంటారు. ఏడాదికి మూడే అని ఎవరు చెప్పగలరు, ఇది పుస్తకంలో లెక్క కాదు కదా.

రెండో గంట కొట్టారు. లోపల పంతొమ్మిది మంది కొత్త పిల్లలు ఎదురుచూస్తున్నారు. తూదా రొట్టె అంచు పట్టుకుని, ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.